పట్టినవాళ్లే విప్పాలి

మా అపార్ట్‌మెంటు సెల్లారులో పోయిన నెల ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పిస్తున్నారంటే, నాకెందుకే అన్నా వినకుండా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. నల్లచొక్కా వేసుకున్న ఒక అమ్మాయి, నిండా పాతికేళ్లు కూడా ఉండవేమో, ఎదురుగా నిలబడ్డ పిల్ల మోచేతిని అందుకుని, ఎముకకూ కండకూ నడుమ బొటనవేలు ఎక్కడ దించాలో, దించి ఎటు తిప్పాలో చూపిస్తూ ఉంటే, నా కొంగు కింద నా బొటనవేలు దానంతటదే వంగి మోకాలి మీద ఆ చోటును వెతుక్కోవడం మొదలుపెట్టింది. నల్లచొక్కా అమ్మాయి వేలు అసలు చోటుకు కాస్త ఇవతల పడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మనవరాలి కళ్లు మహా చురుకు, నా వేలు చూసి, నానమ్మా నీకిది వచ్చా అని అడిగేసింది. నాకేం వచ్చు నా మొహం, అన్నాను. ఈ వయసులో అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చిపడినందుకు ఆ పూట నాకు అన్నం సయించలేదు.

దానికి చెప్పలేనిది నా ఈడువాళ్లకు చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను. మన రోజుల్లో ఎవరో చేసిన పనికి సిగ్గుపడే వంతు ఎవరికి వచ్చేదో మీకు వేరే చెప్పక్కరలేదు కదా.

అప్పటి ఉప్పల్ అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇప్పుడు మెట్రో స్తంభాలు లేచిన చోట ఎడ్లబండ్లు ఆగేవి, వరంగల్ రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే ద్రాక్షతోటలు, ఇంకా లోపలికి పోతే మూసీ నీళ్లకు ఏపుగా పెరిగిన పశువుల గడ్డి, ఆ గడ్డి వాసన సాయంత్రమయ్యేసరికి మా వాకిట్లోకి వచ్చేది. ఆ వాకిలి మాదీ, మా పెదనాయనదీ కలిపి ఒక్కటే. ఇటు రెండు గదుల్లో నాయన, అమ్మ, నేను, అటు ఒక్క గదిలో ఆయన. మా నాయన నాచారంలో నూలుమిల్లులో పని చేసేవాడు. అమ్మ కూడా కొన్నాళ్లు షిఫ్టు బస్సులో అదే మిల్లుకు నూలు కండెలు చుట్టే పనికి వెళ్లింది గానీ, నేను ఏడో తరగతిలో ఉండగా నడుంనొప్పి అని చెప్పి మానేసింది. నడుంనొప్పి మనిషి బావిలోంచి నీళ్లు ఎట్లా చేదుతోందని నాకు అప్పుడు తోచలేదు, పిల్లలకు అట్లాంటివి తోచవు.

పెదనాయన వయసులో ఉండగా పట్నంలో ఒక తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, చాలా ఏళ్లు గడిపిన మనిషి. అక్కడి ఉస్తాద్ ఆయనకు కుస్తీ కంటే నరాలపట్టు ఎక్కువ నేర్పాడట. చెయ్యి విరగదు, రక్తం కారదు, బొటనవేలు ఒక చోట దిగితే, మళ్లీ వదులు చేసేదాకా ఎదుటివాడి చెయ్యి వాడి మాట వినదు. గుద్దుడు ఎవడన్న గుద్దుతడు బిడ్డా, వేలు యాడ బెట్టాల్నో తెల్వాలె, అనేవాడు. చుట్టుపక్కల ఎవరికి కాలు బెణికినా, మెడ పట్టినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. పెద్దమ్మ చిన్నవయసులోనే పోయింది, పిల్లలు లేరు, పొద్దున్నే పట్టులు నేర్చుకునేందుకు వచ్చే కుర్రాళ్లే ఆయనకు పిల్లలు. నాచారంలో ఒక్కొక్క ఫ్యాక్టరీ లేచే కొద్దీ ఆ కుర్రాళ్లు ఒక్కొక్కరే షిఫ్టుల్లో చేరిపోయారు. చివరికి వాకిట్లో ఆయనా, ఆయనకు చాయ్ తెచ్చి ఇచ్చే నేనూ మిగిలాం. ఒకరోజు గ్లాసు అందుకోబోయి నా మణికట్టు అందుకుని, వేళ్లు తిప్పి తిప్పి చూసి, నీ వేళ్లు నా వేళ్లే, అన్నాడు. అదే మొదలు.

ఇసుక నింపిన ముంతను అంచు దగ్గర వేళ్ల కొసలతో పట్టుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. తడి గోనెసంచిని నీళ్లు రాలడం ఆగేదాకా పిండాలి. కళ్లు మూసుకుని ఆయన చెయ్యి తడిమి, నాడి కొట్టుకునే చోటు పక్కనే సన్నటి తాడులా జారిపోయేది ఎక్కడుందో పట్టాలి. నెలల తరబడి తప్పు చోట్ల నొక్కి నొక్కి ఆయన చేతులు కమిలిపోయేవి, ఆయన మాత్రం ఇంక జర కిందికి, జర లోపలికి అంటూ ఉండేవాడు. నా వేలు మొదటిసారి సరిగ్గా దిగిన రోజున ఆయన చేతిలో చాయ్ గ్లాసు జారి పగిలిపోయింది. పగిలిన గాజు కేసి చూసి ఆ పెద్దమనిషి నవ్వడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తాలీం నుంచి తెచ్చుకున్న పట్టింపు ఒకటి ఉండేది ఆయనకు. పట్టు పట్టినవాళ్లే దాన్ని విప్పాలి, ఇంకొకరు విప్పకూడదు. విప్పే ముందు ఎదుటివాడి చెయ్యి ఎక్కడుండిందో, తాము ఎట్లా అందుకున్నారో, ఎటు తిప్పారో నోటితో పైకి చెప్పాలి, చెప్పాక ఆముదం రాసి తిప్పిన దిక్కుకు ఎదురు దిక్కుగా నరాన్ని వదులు చెయ్యాలి. నోటితో చెప్పడానికి సిగ్గయ్యే పట్టు పట్టొద్దు, అనేవాడు. ఆ మాట నాకు ఆటలా ఉండేది, పద్యం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసి ఆముదం గిన్నె అందుకునేదాన్ని.

అమ్మకు ఇదంతా తలవంపులు. నేను ముంత పట్టుకుని నడిచే వేళకు వాకిలి తడిక మూసేది. ఎవరన్నా అడిగితే, వాళ్ల పెదనాయన కాళ్లు పిసుకుతోందని చెప్పేది. చుట్టాలు వస్తున్నారంటే ముంతలో ఇసుక గుమ్మరించి అందులో జొన్నలు పోసేసేది. చెప్పొద్దూ, నాకూ సిగ్గుగానే ఉండేది. బళ్లో స్నేహితురాళ్లు ఎంబ్రాయిడరీ గుడ్డలు చూపించుకుంటుంటే నేను గట్టిపడిన బొటనవేళ్లను లంగా మడతల్లో దాచుకునేదాన్ని. పైగా నిద్ర లేవగానే తడిక మూసిందో లేదో మొదట నేనే చూసుకునేదాన్ని.

చదువు అయ్యాక నాచారంలో రేడియోలకు సన్నటి రాగితీగ చుట్టే ఫ్యాక్టరీలో ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసి వెళ్లాను. తీగ తెగకుండా, వదులు కాకుండా చుట్టాలి. నా వేళ్లు అందుకే పుట్టాయేమో అనిపించేటట్టు మొదటిరోజే కుదిరింది. ఆ ఉద్యోగం అంటే నాకు ఎంత ప్రాణమో మీకెట్లా చెప్పను, బల్ల ముందు కూర్చుంటే నన్ను మగరాయుడనే వాళ్లు లేరు, నా వేళ్లను చూసి మెచ్చుకునే సూపర్‌వైజరమ్మ ఉంది, జీతం అమ్మ చేతిలో పెడితే అమ్మ మొహంలో కనిపించే వెలుగు ఉంది. నాయనకు మాత్రం అసలే ఇష్టం లేదు. ఆడపిల్ల ఒక్కతే బస్సులో పోవడమా అని పట్టుబట్టాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మా నాయనకు మిల్లులో ప్రాణస్నేహితుడు ఒకాయన ఉండేవాడు, మా వెనక వీధిలోనే ఇల్లు, నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. ఆయన షిఫ్టూ నాదీ ఒకే వేళకు, నాయనది వేరే వేళకు. ఆయనతోనే ఎక్కాలి, ఆయనతోనే దిగాలి. నాయన ఈ మాట చెప్పినప్పుడు అమ్మ రొట్టె తడుతున్న చెయ్యి ఆపి, ఇంకెవళ్లు లేరా అని మాత్రం అడిగింది. ఎందుకు, ఆయనకేమైంది, అన్నాడు నాయన. అమ్మ మళ్లీ రొట్టె తట్టుకుంది.

షిఫ్టు వేళ బస్సు ఎట్లా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు వేలాడుతుంటే లోపల ఊపిరి పీల్చుకోవడానికి కూడా పక్కవాళ్లను అడగాల్సి వచ్చేది. చిన్నాయన నా వెనక నిలబడి, గట్టిగ నిలబడు బిడ్డా, నేనున్న గద, అనేవాడు, నలుగురికీ వినబడేటట్టు. మొదట్లో రద్దీ అనుకున్నాను. తర్వాత ఒకనాడు బస్సు సగం ఖాళీగా ఉంది, ఆ రోజు కూడా ఆ చెయ్యి అట్లాగే వచ్చి నా నడుము మీద ఆగింది. అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? కొంగు బిగించి పిన్నీసు పెట్టుకున్నాను. టిఫిన్ డబ్బా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ముందుకు జరిగితే ఆయనా జరిగేవాడు. పహిల్వాన్ చేతిలో గ్లాసు పడగొట్టిన వేళ్లు నావి, అవి డబ్బా పిడిని వదిలేవి కావు. నా ఒంటిలోనే ఏదో తప్పుందని, నా నడకలోనో చీరకట్టులోనో ఏదో ఉండబట్టే ఆ చెయ్యి వస్తోందని రోజూ ఇంటికొచ్చి అద్దంలో వెతుక్కునేదాన్ని. వెతుక్కున్నాను, నిజంగా.

పట్టు పట్టొచ్చు కదా అని మీరు అడుగుతారు. పడితే విప్పాలి. విప్పాలంటే చెయ్యి ఎక్కడుండిందో నోటితో చెప్పాలి. పెదనాయన ముందు, నాయన ముందు ఆ మాట ఎట్లా అనను? పైగా నాయనకు తెలిస్తే ముందు ఆగిపోయేది నా ఉద్యోగమే. అందుకని చలికాలమంతా నోరు మూసుకుని నిలబడ్డాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున హబ్సిగూడ మలుపులో బస్సు ఒరిగింది. అందరి బరువుతో పాటు ఆ చెయ్యి కూడా వచ్చింది, బస్సు నిలదొక్కుకున్నా అది మాత్రం వెనక్కి పోలేదు. నేను చేశాననడం కంటే నా చేతులు చేశాయనడం నిజం. ఎడమచెయ్యి వెనక్కి పోయి మణికట్టు అందుకుంది, కుడి బొటనవేలు మోచేతి పైన దిగింది, కిందికి తిప్పింది. ఆయన అరవలేదు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక చప్పుడు చేసి మోకాళ్ల మీదికి కుంగిపోయాడు. అందరూ తిరిగి చూశారు. ఏమాయె పెద్దమనిషీ, అని కండక్టరు అడిగితే, తిమ్మిరెక్కింది, అన్నాడు. ఆ తర్వాత అందరి చూపులూ నా మీదికి వచ్చాయి. తప్పు చేసింది నేనైనట్టు తల దించుకుని నాచారంలో దిగాను. ఆ రోజు నా చేతిలో తెగినంత తీగ ఎన్నడూ తెగలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో నులకమంచం మీద చిన్నాయన కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. పక్కన నాయన, ఎదురుగా పెదనాయన. బస్సు ఊగితే నేను పడిపోతానేమోనని రాడ్డు మీద అడ్డం పెట్టిన చేతిని మెలిపెట్టానని ఆయన నాయనతో చెప్పుకున్నాడు. నన్ను చూస్తూనే నాయన లేచాడు.

"నమ్మి అప్పజెప్తే నువ్వు జేసిన పని గిదా? కాళ్లు మొక్కి తప్పయిందని చెప్పు. రేపటి సంది పని బంద్."

తర్వాత పెదనాయన వైపు తిరిగి, ముందు ఆ చెయ్యి సంగతి చూడన్నా, అని బతిమాలాడు. పెదనాయన కదలలేదు.

"ఆ పట్టు నాది గాదు తమ్మీ. పట్టినోళ్లే ఇప్పాలె." ఆముదం గిన్నె నా ముందుకు జరిపాడు. "చెప్పు బిడ్డా. చెయ్యి యాడుండె?"

నేల కేసి చూస్తూ నిలబడ్డాను. పెదనాయన మళ్లీ అడిగాడు. చిన్నాయన అందుకుని, రాడ్డు మీదుండె, ఇంకేడుంటది, అన్నాడు. సూసినవా అన్నా, తప్పు జేసింది గాబట్టే నోట్లె మాట లేదు, అన్నాడు నాయన. రేపటి నుంచి ఆ బల్ల ముందు ఇంకొకతె కూర్చుంటుందని నాకు అర్థమైపోయింది. ఒక్క మాట. అది రాలేదు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ బయటికి వచ్చింది. మా అమ్మ, మీరు నమ్మండి, కాపురానికి వచ్చిన నాటినుంచి బావగారైన పెదనాయన ఎదుట పడి ఒక్క మాట మాట్లాడి ఎరగదు, ఆయన వాకిట్లో ఉంటే తలుపు చాటునుంచే పనులన్నీ. చేతులకు జొన్నపిండి అట్లాగే ఉంది. కొంగు తలమీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది.

"నడుం మీద ఉండె. ఎనుకనుంచి."

"నువ్వు సూసినవా?" అన్నాడు నాయన.

"సూడాల్నా? నేను మిల్లుకు పోవుడు ఎందుకు బంద్ జేసిన్నో ఎన్నడన్న అడిగినవా? గిప్పుడు అడుగు. నన్ను గాదు, నీ దోస్తును అడుగు."

చిన్నాయన మంచం మీది నులక కేసి చూస్తూ ఉండిపోయాడు. నాయన ఆ వంచిన తల కేసి చూశాడు. అడగనవసరం లేకుండా పోయింది కాబోలు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది, కొంచెంసేపటికి రొట్టె తడుతున్న చప్పుడు వినిపించింది.

ఇప్పుడు ఇప్పు బిడ్డా, అన్నాడు పెదనాయన, చాలా మెల్లగా. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చేతిని నేనెందుకు బాగుచెయ్యాలి? కానీ ఆయన మాట దాటి ఎరగను. చెయ్యి నడుం మీదుండె, ఎడమచేత్తోని మణికట్టు అందుకున్న, కిందికి తిప్పిన, అని నాయన వింటుండగా చెప్పాను. ఒక్కొక్క మాటకు చెవులు కాలిపోయాయి. నెలల పాటు నా ఒంటిని జలదరింపజేసిన ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, ఆముదం రాసి, చెమటతో జిడ్డుగా ఉన్న ఆ వేళ్లు ఒక్కొక్కటీ తెరుచుకునేదాకా పిసికాను. అంత సిగ్గు నేను మళ్లీ ఎరగను. చిన్నాయన లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. విప్పి పంపితే వాడు మల్ల నీ పేరు తియ్యలేడు, అని పెదనాయన తర్వాత నచ్చజెప్పాడు. ఆయన అన్నట్టే అయింది, చిన్నాయన మా వీధిలోకే రావడం మానేశాడు. అయినా పెదనాయన చేయించిన పని సరైందేనా అంటే నేనిప్పటికీ ఒప్పుకోను. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆముదం జిడ్డు పోయినట్టు అనిపించలేదు.

తెల్లారి నేను పనికి వెళ్లాలో వద్దో తెలియక గడపలో నిలబడితే, నాయన సైకిల్ బయటికి తీశాడు. వెనక కూర్చోమన్నట్టు క్యారియర్ మీద తువ్వాలు పరిచాడు. నాచారం దాకా తొక్కుకుంటూ తీసుకెళ్లి ఫ్యాక్టరీ గేటు దగ్గర దించాడు, తన షిఫ్టు వేరే వేళకు మార్పించుకుని చాలా కాలం అట్లాగే దించాడు. ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తలేదు, తప్పయిందనీ అనలేదు. ఎదురుగాలికి ఆయన రొప్పుతూ తొక్కుతుంటే వెనక కూర్చున్న నాకు ఏడుపు వచ్చేది. అమ్మ మళ్లీ తలుపు చాటుకు వెళ్లిపోయింది. నేను పట్టులు నేర్చుకోవడం మానేశాను, పెదనాయన ఎందుకని అడగలేదు, కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఆ వాకిట్లో ఉన్నన్నాళ్లూ మేం ముగ్గురం సిగ్గుతో తలలు దించుకునే తిరిగాం. నాయనకు తను నమ్మినందుకు, అమ్మకు తను చెప్పినందుకు, నాకు నేను చెప్పలేకపోయినందుకు. ఆ చిన్నాయన అనే పెద్దమనిషి మాత్రం వేరే బస్సులో షిఫ్టుకు పోతూనే ఉన్నాడు.

ఇప్పుడు కాలం మారింది, మారలేదంటే కళ్లు పోతాయి. మా ఇంట్లో పిల్లలు అన్నం తింటూ తింటూ, ఆఫీసులో ఎవడో చెయ్యి వేశాడనీ, వాణ్ని అందరి ముందూ నిలదీశాననీ, పచ్చడి గిన్నె అందుకుంటూ చెప్పేస్తారు. నాకు లోపల సంతోషంగానే ఉంటుంది, మొహం మాత్రం వేడెక్కిపోతుంది, కంచం తీసుకుని లేచిపోతాను. వాళ్లను చూసినప్పుడల్లా అమ్మే గుర్తుకొస్తుంది. అమ్మ పెద్దవయసు దాకా బతికింది, చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. సాయంత్రాలు పక్కన కూర్చుని కాళ్లు పట్టేదాన్ని, ఇంట్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు, ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు. పప్పుల ధరల గురించి మాట్లాడుకున్నాం, చచ్చిపోయిన గేదెల గురించి మాట్లాడుకున్నాం. ఇంకెవళ్లు లేరా అని ఆ రోజు నాయనను అడిగి మళ్లీ ఎందుకు ఊరుకున్నావే అని అడగాలని కోపంగా ఉండేది. ఆ కోపం కూడా పైకి రానివ్వలేదు. నాకోసం అమ్మ ఆ ఒక్కరోజు చెప్పింది. అమ్మ ఎన్నాళ్లు ఆ బస్సులో అట్లా నిలబడిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అడగడానికి సిగ్గుపడ్డాను.